కార్డు రెండువైపులా ఫొటో తీసి పంపండి సార్

ఈ దేశంలో సైబరు దొంగలకు జరుగుతున్న అన్యాయం గురించి ఒక్కరూ నోరు విప్పరు. ఫోను మోసాలకు పేరుమోసిన జామ్‌తాడా కుర్రాడు ఎంత కష్టపడాలో ఎప్పుడైనా ఆలోచించారా? ఎవరి పేరు మీదో సిమ్ము సంపాదించాలి. బ్యాంకు ఆఫీసరు గొంతు సాధన చెయ్యాలి. "సర్, మీ కార్డ్ బ్లాక్ అయిపోతుంది" అని రాని తెలుగులో బట్టీ పట్టాలి. ఇంతా చేసి ఫోన్ చేస్తే అవతల రిటైరైన హెడ్మాస్టారు తగులుతాడు. ముందు వాక్యంలో తప్పులు దిద్ది, తర్వాత వాళ్ల నాన్నేం చేస్తుంటాడో ఆరా తీసి, చివర్లో పోలీసుల పేరెత్తి పెట్టేస్తాడు. పొద్దస్తమానం గొంతు చించుకుంటే ఏ సాయంత్రానికో ఒక్క కార్డు నంబరు దొరుకుతుంది. అదీ గడువు తీరిపోయిన కార్డుది.

అదే పని పేరున్న హోటలు చేస్తే? రిజర్వేషన్ కుర్రాడి ఒక్క ఫోను చాలు. "సార్, కార్డు రెండువైపులా ఫొటో తీసి వాట్సాప్ చెయ్యండి. జస్ట్ ఫార్మాలిటీ." రెండు నిమిషాల్లో ముందువైపు వచ్చేస్తుంది, వెనకవైపు వచ్చేస్తుంది, అడగకపోయినా పాస్‌పోర్టు మొదటి పేజీ కూడా వచ్చేస్తుంది. కింద "థాంక్యూ బాబూ" అని మెసేజీ. దొంగ అడిగితే మోసం, దొర అడిగితే ఫార్మాలిటీ.

ఇది ఎక్కువగా ఎక్కడ జరుగుతుందంటే, కట్టేవాడు ఒకచోట, దిగేవాడు ఇంకోచోట ఉన్నప్పుడు. విశాఖ బీచ్ రోడ్డులో తండ్రి షష్టిపూర్తి. హాలు, పదిహేను గదులు, రెండు పూటలా భోజనాలు. బిల్లు కట్టేది డాలస్‌లో ఉన్న పెద్దబ్బాయి. కార్డు అక్కడ, చుట్టాలు ఇక్కడ. కార్డు సొంతదారు కౌంటరు దగ్గరికి రాడు కాబట్టి హోటలువారు థర్డ్ పార్టీ ఆథరైజేషన్ ఫారం అనే ఒక పవిత్ర పత్రాన్ని మెయిల్లో పంపుతారు.

ఆ ఫారాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. అది జిరాక్సుకి జిరాక్సుకి జిరాక్సు. పైన హోటలు ముద్ర ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. కార్డు నంబరుకి పదహారు గడులు ఉండాలి గానీ, తరతరాల జిరాక్సుల్లో చివరి గడి మాసిపోయింది. అందుకని పదహారో అంకె గడి బయట, మార్జిన్లో వేసుకోవాలి. కింద గడువు తేదీ. దాని కింద సీవీవీ, పక్కన నక్షత్రం గుర్తు, అంటే తప్పనిసరి అని. ఆ తర్వాత ఒక ప్రమాణం: గది అద్దె, భోజనం, లాండ్రీ, మినీ బార్, "ఇతర ఖర్చులు" అన్నీ పై కార్డు నుంచి హోటలువారు తీసుకోవచ్చునని, అందుకు నాకు అభ్యంతరం లేదని. సంతకం కార్డు మీద ఉన్నట్టే ఉండాలట. ఆ సంతకం సరిగ్గా ఎలా ఉంటుందో పోల్చుకోవడానికి వీలుగా కార్డు వెనకవైపు కాపీ జతపరచాలి. అన్నిటికన్నా అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: మీ వివరాలు గోప్యంగా ఉంచబడును.

గోప్యత ఎలా ఉంటుందో కాస్త వెంబడించి చూద్దాం. ఫారం రిజర్వేషన్ మెయిల్‌కి చేరుతుంది. మూడు షిఫ్టులవాళ్లకీ అదే మెయిల్, అదే పాస్‌వర్డు. ఎవరూ మరిచిపోకుండా ఆ పాస్‌వర్డు మానిటర్ అంచున చీటీ మీద అంటించి ఉంటుంది. పొద్దుటి షిఫ్టు ప్రింటు తీస్తుంది. మధ్యాహ్నం షిఫ్టుకి ఆ ప్రింటు కనబడక ఇంకొకటి తీస్తుంది. రాత్రి షిఫ్టు రెండూ కలిపి పిన్ను కొడుతుంది. చుట్టాలు వెళ్లిపోయాక కాగితాలు బాక్స్ ఫైల్లోకి, ఫైలు స్టోరు గదిలోకి, కాళ్లు విరిగిన కుర్చీల పక్కకి. ఏడాదికోసారి స్టోరు ఖాళీ చేసినప్పుడు కిలోల లెక్కన పాతకాగితాల అబ్బాయికి. ఆనక ఏ బండి దగ్గరో మిరపకాయ బజ్జీల నూనె పీల్చుకుంటూ కూడా ఆ నక్షత్రం పక్కన మూడంకెలు స్పష్టంగానే కనిపిస్తుంటాయి.

"మెయిల్ వద్దనుకుంటే వాట్సాప్ చెయ్యండి సార్, అది ఎన్‌క్రిప్టెడ్" అంటాడు కుర్రాడు. నిజమే, దారిలో ఎవరూ చూడలేరు. చేరాకే వస్తుంది తంటా. ఫొటో అతని గ్యాలరీలో కూచుంటుంది, గ్యాలరీలోంచి బ్యాకప్‌కి ఎగబాకుతుంది. ఫోను హోటలుది కాదు, అతని సొంతం. జీతం చాలక నెల తిరిగేలోపు ఇంకో హోటలుకి మారితే, డాలస్ అబ్బాయి కార్డు కూడా అతనితో ఉద్యోగం మారుతుంది.

కొందరు తెలివైనవాళ్లు ఉంటారు. ముందువైపు ఫొటోలో నంబరు మీద బొటనవేలు అడ్డం పెడతారు. వెనకవైపు ఫొటో మాత్రం నిర్భయంగా తీస్తారు. అచ్చు ఉబ్బెత్తుగా ఉండే పాత కార్డయితే అదే నంబరు వెనక నుంచి అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది. కొత్త కార్డయితే ఆ శ్రమా లేదు, చాలా బ్యాంకులు నంబరూ, గడువూ, సీవీవీ అన్నీ వెనకవైపే ఒక్కచోట అచ్చు వేసి పెడుతున్నాయి.

ఆ మూడంకెలు అసలెందుకు పుట్టాయో హోటలు గుర్తుచేసుకుంటే బాగుండేది. కార్డు వెనక ఉన్న సీవీవీ కార్డు మాగ్నెటిక్ పట్టీలో ఉండదు, అచ్చులో మాత్రమే ఉంటుంది. కార్డు చేతిలో ఉన్నవాడే కడుతున్నాడని దూరాన ఉన్న వ్యాపారికి నమ్మకం కలిగించడం ఒక్కటే దాని ఉద్యోగం. దాన్ని ఫొటో తీసి పంపాక ఇక దానికి ఉద్యోగమేముంది, పింఛను తప్ప. ఇది నేను కనిపెట్టిన నీతి కాదు. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వంటి కంపెనీలు కూడబలుక్కుని 2004లో తెచ్చిన పీసీఐ డీఎస్‌ఎస్ అనే నిబంధనావళి ఉంది. లావాదేవీకి అనుమతి వచ్చాక సీవీవీని ఎవరూ దాచుకోకూడదని అందులో నిక్కచ్చిగా ఉంది. కంప్యూటర్లోనే కాదు, కాగితం మీద కూడా. మన హోటళ్లు దాన్ని గౌరవంగా బాక్స్ ఫైళ్లలో దాచుకుంటున్నాయి.

డాలస్ అబ్బాయికి ఇందులో బెంగేమీ లేదు. "పోతే బ్యాంకువాళ్లు ఇచ్చేస్తారు నాన్నా" అంటాడు. అతని ధీమాకి ఆధారం ఉంది. అమెరికా చట్టం ప్రకారం క్రెడిట్ కార్డుని ఇంకెవడో వాడుకుంటే సొంతదారు మీద పడేది మహా అయితే 50 డాలర్లు. పైగా అతని కార్డుకి చాలాచోట్ల ఓటీపీ గొడవే లేదు, నంబరూ గడువూ సీవీవీ ఉంటే చాలు, బండి కదులుతుంది. అంటే ఆ ఫారం మీద ఉన్నవి కార్డు వివరాలు కావు, కార్డే. ఆ ధీమాని చూసి ఇక్కడ తండ్రీ, బెంగళూరులో చెల్లెలూ కూడా అదే ధీమాతో తమ కార్డులు ఫొటోలు తీస్తున్నారు. వాళ్లకి ఆ 50 డాలర్ల చట్టం వర్తించదన్న సంగతి కార్డు కాలాక తెలుస్తుంది.

మనవాళ్లకున్న రక్షణ వేరు, అది రెండో తాళం. ఈ విషయంలో రిజర్వు బ్యాంకుని మెచ్చుకోకపోతే కళ్లు పోతాయి. 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టాలంటే కార్డు మీద కనిపించని రహస్యం ఇంకొకటి చెప్పి తీరాలంది. 2011లో ఫోను మీద కట్టే ఐవీఆర్ చెల్లింపులకీ అదే పెట్టింది. ఓ విదేశీ ట్యాక్సీ కంపెనీ బయటి దేశపు గేట్‌వే దారిలో ఓటీపీ తప్పించుకుంటుంటే 2014లో ఆ సందు కూడా మూసింది. 2020లో కార్డుకి స్విచ్చులు పెట్టించింది, విదేశీ వాడకం వద్దనుకుంటే ఆపెయ్యొచ్చు, రోజుకింత అని హద్దు గీసుకోవచ్చు. 2022 అక్టోబరు నుంచి దుకాణాలు మన కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ మాత్రమే ఉంచుకోవాలంది. పదమూడేళ్లు కూచుని ఒక్కో కన్నం పూడ్చుకుంటూ వచ్చింది పాపం. పేరు మోసిన కంపెనీల సర్వర్లలోంచి కార్డు నంబర్లు తుడిపించేసిన ఆ మహా యంత్రాంగానికి, రిసెప్షన్ డెస్కు కింది సొరుగు మాత్రం ఇంకా అందలేదు.

ఇక రెండో తాళం సంగతి. దాన్ని తెరిపించే విద్యలో మన ట్రావెల్ ఏజెంట్లు సిద్ధహస్తులు. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్క పెద్దమనిషిని ఊహించుకోండి. కాశీ టికెట్లకి ఏజెంటుకి ఫోన్లో కార్డు చెబుతుంటాడు. సామర్లకోట దాటాక సిగ్నలు వచ్చీ పోతుంటుంది కాబట్టి గొంతు పెంచుతాడు. "నాలుగు... అయిదు... డబుల్ తొమ్మిది... వినపడుతోందా? డబుల్ తొమ్మిది!" బోగీ అంతా నిశ్శబ్దంగా రాసుకుంటున్నట్టు వింటుంది. అవతలివాడికి మధ్యలో తెగిపోతుంది. "డబుల్ తొమ్మిది తర్వాత ఏం చెప్పాను?" అని ఈయన తనలో తాను గొణుక్కుంటే ఎదురు సీటావిడ "మూడు, సున్నా చెప్పారండి అన్నయ్యగారూ" అని అందిస్తుంది. పల్లీలమ్మే కుర్రాడు సీవీవీ వచ్చేదాకా ఆగి మరీ ముందుకు కదులుతాడు. ఇంతలో ఓటీపీ వస్తుంది. మెసేజీలో మొదటి ముక్కే ఎవరికీ చెప్పవద్దు అని. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఆ ముక్కతో సహా మొత్తం బిగ్గరగా చదువుతాడు. "ఎవరికీ చెప్పవద్దు అని ఉంది బాబూ. సరే రాసుకో, ఎనిమిది రెండు..."

ఇందులో ఏజెంటు దొంగ కాదు. టికెట్లు నిజంగానే వస్తాయి. యాత్ర దివ్యంగా జరుగుతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. నాలుగుసార్లు చెప్పి నాలుగుసార్లూ క్షేమంగా ఉన్న మనిషి, అయిదోసారి జామ్‌తాడా కుర్రాడు అడిగినప్పుడు ఎందుకు ఆగుతాడు? గొంతు అదే, మర్యాద అదే, తొందర అదే. మన నోరు తెరిపించే శిక్షణ దొంగలు ఇవ్వలేదు. జీఎస్టీ బిల్లిచ్చే పెద్దమనుషుల వ్యాపారాలే ఉచితంగా ఇచ్చి, మనల్ని తయారుగా పెట్టాయి.

బ్యాంకులు వేరేగా ఉన్నాయా అంటే, అవి మెసేజీల్లో వేరు, ఫోన్లలో వేరు. పొద్దున మెసేజీ: మీ వివరాలు ఎవరికీ చెప్పకండి. సాయంత్రం అదే బ్యాంకు తరఫున ఏ ఏజెన్సీ అమ్మాయో పదంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి ఫోన్ చేస్తుంది. "వెరిఫికేషన్ కోసం మీ పుట్టినతేదీ చెప్పండి సార్, కార్డు చివరి నాలుగంకెలు చెప్పండి." ఫోన్ చేసింది తను, వెరిఫై కావాల్సింది మనం! "అమ్మా, ముందు నువ్వు బ్యాంకువేనని రుజువేమిటి?" అని అడిగి చూడండి. ఆ అమ్మాయి మనసు గాయపడుతుంది. బ్యాంకుల సర్వీసు కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని, అమ్మకాల కాల్స్ 140 నంబర్ల నుంచి రావాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది. ఆ కబురు ఏజెన్సీల దాకా నడిచొస్తోంది, దారిలో ఉంది.

ఇప్పుడు బెంగళూరు చెల్లెలి కార్డు కాలిందనుకుందాం. తప్పెవరిది? ఇందుకు రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్‌లో కొలబద్ద పెట్టింది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక మధ్యలో ఇంకెక్కడో ఉంటే, మూడు పనిరోజుల్లో చెప్పినవాళ్ల మీద పైసా పడదు. బావుంది. కానీ ఖాతాదారు తన చెల్లింపు వివరాలు పంచుకోవడం వంటి నిర్లక్ష్యం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకి తెలియజేసే క్షణం దాకా పోయినదంతా ఆవిడ నెత్తినే. ఆవిడ తప్పేనని రుజువు చేసే భారం బ్యాంకుదని కూడా అందులోనే ఉంది. ఆ భారం బ్యాంకుకి దూదిపింజ. రుజువు కావాలా? ఫారం ఉంది. నంబరూ సీవీవీ ఆవిడ చేతిరాతతోనే ఉన్నాయి. కింద సంతకం, కార్డు మీద ఉన్నట్టే. ఆ ఫారం తయారుచేసి, నక్షత్రం గుర్తు పెట్టి, ఇది లేకపోతే గది లేదన్న హోటలు మాత్రం ఈ చిత్రంలో ఎక్కడా కనబడదు. ఇచ్చినదానిది నిర్లక్ష్యం, పుచ్చుకున్నవాడిది పద్ధతి.

హోటళ్ల భయం పూర్తిగా కల్పితమని నేననను. చుట్టాలంతా తినేసి వెళ్లిపోయాక డాలస్ నుంచి "ఈ ఖర్చు నేను చెయ్యలేదు" అని తగాదా పెట్టే మహానుభావులున్నారు. బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కుంటుంది, హోటలు నోరు కొట్టుకుంటుంది. అయితే ఆ భయానికి ఫొటో మందు కాదు. కార్డు ఫొటో దొంగ దగ్గరా ఉండొచ్చు, అది చూపించి ఏం వాదిస్తారు? అదే సొంతదారు తన ఫోన్లో తనే ఓటీపీ కొట్టి కట్టాడనుకోండి, "నేను కాదు" అన్న మాట నిలబడటం కష్టం. హోటలుకి నిజమైన కవచం ఫారంలో లేదు, పేమెంట్ లింకులో ఉంది. మొత్తం ఎంతో వేసి లింకు పంపిస్తే గేట్‌వే పేజీ డాలస్‌లో తెరుచుకుంటుంది. అబ్బాయి తన అంకెలు తనే కొట్టుకుంటాడు. హోటలుకి డబ్బు చేరుతుంది, రసీదు మీద చివరి నాలుగంకెలు చేరతాయి, అంతే. దాచుకోవడానికి ఏమీ మిగలదు, బజ్జీల బండికి తప్ప ఎవరికీ నష్టం లేదు.

"లింకు మా సిస్టంలో లేదు సార్" అంటారు. అదే హోటలు వెబ్‌సైటులో కొబ్బరిచెట్టు బొమ్మ కింద "ఇప్పుడే బుక్ చేసుకోండి" అనే బటన్ ఉంటుంది. నొక్కితే అదే గేట్‌వే, అదే పేజీ. రెండడుగుల దూరంలో ఉన్న వెబ్‌సైటు సంగతి రిసెప్షన్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు. డాలస్ అబ్బాయికి ఇక్కడ ఎన్నారై ఖాతా ఉంటే ఇంకా సులువు. అమెరికా, కొన్ని గల్ఫ్ దేశాలు సహా పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచి యూపీఐ చెయ్యడానికి ఎన్‌పీసీఐ 2023లోనే దారి తెరిచింది. బెంగళూరు చెల్లెలికి స్విచ్చులున్నాయి. కట్టేముందు హద్దు బిల్లుకి సరిపడా పెట్టుకుని, కట్టాక దించేసుకోవచ్చు, విదేశీ వాడకం ఎప్పుడూ ఆపే ఉంచుకోవచ్చు.

లింకులన్నీ గంగాజలమనీ అనను. అడక్కుండా వచ్చిన లింకు, లింకు కాదు, గాలం. హోటలు నంబరు కూడా గూగుల్లో మొదట కనబడిందని తీసుకోకూడదు, అక్కడా దొంగలు తమ నంబర్లు నాటి పెడతారు. పాత బిల్లు మీదో, హోటలు సొంత వెబ్‌సైటులోనో ఉన్న నంబరుకి మనమే ఫోన్ చేసి, మనమడిగితే వచ్చిన లింకునే ముట్టుకోవాలి, పేజీలో హోటలు పేరూ మొత్తమూ చూసుకునే కొట్టాలి. ఇప్పటికే ఫొటోలు పంపేసినవాళ్లు హోటలుని డిలీట్ చెయ్యమని బతిమాలడం దండగ. కార్డు బ్లాక్ చేయించి కొత్త నంబరు తీసుకోవాలి. డబ్బే పోతే బ్యాంకుకి, సైబరు నేరాల హెల్ప్‌లైన్ 1930కి అప్పటికప్పుడు చెప్పాలి. గంట ఆలస్యమైతే ఆ గంటలో పోయింది మన లెక్కలోకే వస్తుంది.

ఈసారి ఎవరైనా రెండువైపులా ఫొటో అడిగితే ఒక చిన్న ప్రతిపాదన పెట్టి చూడండి. "తప్పకుండా పంపుతాను బాబూ. మీ హోటలు క్యాష్ సేఫ్ తాళంచెవి కూడా రెండువైపులా ఫొటో తీసి పంపు. జస్ట్ ఫార్మాలిటీ." అవతల మేనేజరు లైన్లోకి వస్తాడు. సెక్యూరిటీ పాలసీ ప్రకారం అలాంటివి బయటివాళ్లకి ఇవ్వకూడదండీ అంటాడు, చాలా గంభీరంగా.

రిజర్వు బ్యాంకు ఇంకో అడుగు వేసింది. మన కార్డులతో విదేశీ సైట్లలో కట్టేటప్పుడు కూడా, అక్కడి వ్యాపారి అడిగితే రెండో తాళం పనిచేసేలా 2026 అక్టోబరు 1కల్లా బ్యాంకులు ఏర్పాట్లు చెయ్యాలని 2025 సెప్టెంబరులో ఆదేశించింది. కాలం మారుతోందని హోటళ్లకీ తెలుసు, అవి మాత్రం చేతులు ముడుచుకు కూచుంటాయా? ఫారం మళ్లీ అచ్చు వేయిస్తాయి. మాసిపోయిన పదహారో గడి ఈసారి స్పష్టంగా వస్తుంది. సీవీవీ కింద కొత్తగా ఆరు గడులు చేరతాయి, ఓటీపీ కోసం, నక్షత్రం గుర్తుతో. ఫారం నింపి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, మెయిల్లో పంపేసరికి రోజు పడుతుంది కాబట్టి, ఓటీపీ గడువుని నిమిషాల నుంచి కనీసం మూడు పనిరోజులకు పెంచాలని కోరుతూ బ్యాంకులకు ఒక వినతిపత్రం కూడా వెళ్తుంది.